తల్లులకు నచ్చేలా

ఆఫ్రికాలో యొరుబా జనం ఆడే గెలెడె ఆటలో మాస్కును మొహానికి కట్టుకోరు. తలమీద టోపీలా పెట్టుకుంటారు, నుదుటి మీదికి కాస్త వాలేలా. ఆడేవాడి మొహాన్ని కప్పేది దాని అంచు నుంచి వేలాడే పల్చటి గుడ్డ. ఆ గుడ్డలోంచి వాడు దారి చూసుకుంటాడు. పైనున్న చెక్క మొహం మాత్రం రెప్పవాల్చకుండా, నిమ్మళంగా, డోళ్ల చప్పుడు తనకు వినపడనట్టు ఉంటుంది. కింద ఒళ్లంతా అదిరిపోతుంటే పైన ఆ మొహం కదలకుండా ఉండటమే దాని అందం. గాజు బీరువాలో నిలబెట్టి, కింద చీటీ అంటించిన మాస్కును చూస్తే ఈ సంగతి తెలిసే వీల్లేదు. అక్కడ గుడ్డ ఉండదు, మనిషి ఉండడు, డోలు ఉండదు. మ్యూజియాల్లో మిగిలింది చెక్క ఒక్కటే.

గెలెడె మాస్కులు చేసేవాళ్ల పక్కన కూర్చుని, ఒకటి నా చేత్తో చెక్కాలని బెనిన్ దేశం వెళ్లాను. ఆఫ్రికా అంతా కలిపి ఒక మాస్కు అంటూ లేదు. మలావీలో చేవా జనం గూలే వంకూలు ఆటకు వేసుకునే వేషాలకూ, ఐవరీ కోస్టులో గూరోవాళ్ల జావులీ మాస్కుకూ పోలికే లేదు. నాలుగు బొమ్మలు ముందేసుకుని, ఒకదాంట్లోంచి కళ్లు, ఇంకోదాంట్లోంచి కొమ్ములు తీసి కాగితం గుజ్జుతో అతికేస్తే వచ్చేది ఎవరి మొహమూ కాదు. ఒక ఊరు కావాలి, ఒక ఆచారం కావాలి, తప్పు చేస్తే చెయ్యి పట్టుకుని ఆపే మనిషి కావాలి. యొరుబా జనం ఆడే గెలెడెను ఎంచుకోడానికి నాకున్న కారణం ఒక్కటే. అది తల్లుల కోసం ఆడే ఆట.

బెనిన్ అనగానే చాలామందికి బెనిన్ కంచు శిల్పాలు గుర్తొస్తాయి. అవి ఈ దేశానివి కావు. 1897లో బ్రిటిష్ సైన్యం దోచుకుపోయిన ఆ కంచు, దంతం పనులన్నీ పక్కనున్న నైజీరియాలోని బెనిన్ సిటీవి. నేను వెళ్లిన దేశం పాత డహోమీ. 1960లో ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి బయటపడి, 1975లో బెనిన్ అని పేరు మార్చుకుంది.

కొటొనూలో దిగి పోర్టో నోవో దారి పట్టగానే కంటికి ముందు కనపడేది పెట్రోలు. బంకుల్లో కాదు, రోడ్డు పక్క బల్లల మీద. పెద్ద పెద్ద గాజు సీసాల్లో, టీ రంగులో, ఎండకు మెరుస్తూ. నైజీరియా నుంచి దొంగతనంగా తెచ్చి అమ్మే ఈ పెట్రోలును అక్కడ క్పాయో అంటారు. మోటారు సైకిలు ముందూ వెనకా పక్కలా ప్లాస్టిక్ డబ్బాలు కట్టుకుని, మనిషి కనపడకుండా వస్తుంటారు వాటిని మోసేవాళ్లు. ఇంకాస్త ఎక్కువ పట్టాలని ఆ డబ్బాల్ని సెగకు చూపించి సాగదీస్తారు. అవి పల్చబడి పల్చబడి ఒకరోజు పేలతాయి. బండి మీద ఉన్నవాడు దాంతోపాటే పోతాడు.

ఆ డబ్బాల్లోంచే మాస్కులు తీసిన మనిషిది పోర్టో నోవో. రొమ్యువాల్డ్ హజూమె, 1962లో పుట్టాడు, యొరుబా వాడు. డబ్బా పిడిని ముక్కు చేశాడు, పోసే మూతిని నోరు చేశాడు. రెండు కన్నాలు పెడితే కళ్లు. అతని 'లా బూష్ దు రువా' అనే పనిలో అలాంటి డబ్బా మొహాలు 304 ఉన్నాయి. బానిసల్ని కుక్కి తీసుకుపోయిన బ్రూక్స్ అనే ఓడ పటం ఒకటి ప్రపంచమంతా ఎరిగినది. ఆ పటంలో మనుషుల్ని పేర్చినట్టే ఈ మొహాల్ని నేలమీద పేర్చాడు. 2007లో బ్రిటిష్ మ్యూజియం దాన్ని కొనుక్కుంది. మాస్కు నుంచి స్ఫూర్తి పొందడమంటే ఏమిటో నాకు అతని పనిలోనే స్పష్టంగా కనపడింది. పూర్వీకుల మాస్కును అతను తిరిగి చెయ్యలేదు. పూర్వీకులు చెట్టులో మొహం చూసినట్టు అతను తన వీధి పారేసిన డబ్బాలో మొహం చూశాడు. ఆ డబ్బా ఎవరిని చంపుతోందో కూడా చూశాడు.

పోర్టో నోవోలో ఎక్కువసేపు ఆగలేదు. బ్రెజిల్ నుంచి తిరిగొచ్చిన బానిసల సంతతి కట్టుకున్న పెద్ద మసీదు ముందు మాత్రం కాసేపు నిలబడ్డాను. బ్రెజిల్ చర్చిలా ఉంటుంది, రంగులు వెలిసిపోయి. అక్కణ్నించి ఉత్తరంగా సాకెటే, పోబే మీదుగా కేటూ. ఎర్రమట్టి, మొక్కజొన్న, కర్రపెండలం, నూనె తాటిచెట్లు. షేర్ టాక్సీలో ముందు సీట్లో ఇద్దరం, వెనక నలుగురు, ఒడిలో ఎవరిదో కోడి.

కేటూ పాత యొరుబా రాజ్యం. ఊరి చుట్టూ కందకం, గోడ ఉండేవి. లోపలికి పోడానికి అకాబా ఇదేనా అనే మంత్రద్వారం, దానికి ఇప్పటికీ పూజలున్నాయి. 1886లో డహోమీ సైన్యం ఊరిని పడగొట్టి జనాన్ని పట్టుకుపోయింది. అంతకు చాలా ముందు నుంచే ఇక్కడివాళ్లను బానిసలుగా అట్లాంటిక్ దాటించారు. బ్రెజిల్లో బాహియా ప్రాంతపు కాందొంబ్లే పూజల్లో ఒక శాఖ పేరు నేటికీ కేటూ. గెలెడె ఈ ఊళ్లోనే పుట్టిందని ఇక్కడివాళ్లు గట్టిగా చెబుతారు. యునెస్కో 2001లో దీన్ని మానవజాతి మౌఖిక వారసత్వంగా ప్రకటించింది, 2008లో తన జాబితాలోకి ఎక్కించింది. బెనిన్, నైజీరియా, టోగో మూడింటి పేరా అది ఉంది, ఎందుకంటే ఫ్రెంచి, బ్రిటిష్, జర్మన్ దొరలు గీసుకున్న గీతలు యొరుబా ఊళ్ల మధ్య నుంచే పోయాయి.

నాకు గురువు దొరికింది ఒక తెలిసినవారి ద్వారా. డెబ్భై దాటిన పెద్దాయన. అందరూ బాబా అంటారు, నేనూ అదే అన్నాను. ఆయనకు యొరుబా, కొంచెం ఫ్రెంచి. లాగోస్‌లో పనిచేసి వచ్చిన మేనల్లుడికి ఇంగ్లీషు వచ్చు. నన్ను ఆంటీ అంటూ ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మాటలు మోసింది అతనే.

నేను వచ్చిన పని చెప్పగానే బాబా పనిముట్లు చూపించలేదు. ముందు వెళ్లి ఇయాలషేను చూసి రమ్మన్నారు. గెలెడె సంఘానికి పెద్దదిక్కు ఎప్పుడూ ఆడమనిషే, ఆవిడే ఇయాలషే. కోలా కాయలు పట్టుకుని వెళ్లాను. యొరుబా ఆడవాళ్లు పెద్దల ముందు మోకాళ్లమీద కూర్చుని పలకరిస్తారు, నేనూ అలాగే కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి తీసుకుని అరచెయ్యి తిప్పి చూశారు. ఎందుకని అడిగారు. "ఆడటానికా, నేర్చుకోటానికా?" నేర్చుకోటానికి అన్నాను. "అమ్ముకోటానికా?" కాదన్నాను. కోలా కాయ విరిచి నాకొక ముక్క ఇచ్చారు. చేదు. నమిలేశాను. అనుమతి దొరికింది.

ఈ తల్లులెవరో చెప్పాలి. యొరుబాలో వాళ్లను 'మన తల్లులు' అని మర్యాదగా, కొంచెం భయంగా అంటారు. అందరికీ మూలమైన ఇయా న్లా, గతించిన పెద్దావిడలు, ఇప్పుడు బతికున్న ముసలమ్మలు, అందరూ అందులోకే వస్తారు. వాళ్లకు బిడ్డనిచ్చే శక్తి ఉంది, పంటనిచ్చే శక్తి ఉంది. కోపమొస్తే రెండూ ఆపేసే శక్తీ ఉంది. అందుకే కోతలయ్యాక, వాన పడనప్పుడు, రోగాలు వచ్చినప్పుడు వాళ్లను సంతోషపెట్టే ఆట ఆడతారు. జాతర చేసి అమ్మవారిని చల్లబరిచే ఊళ్లవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. ఒకటే తేడా. ఇక్కడ ఆ శక్తి గుళ్లో లేదు, సంతలో కూర్చుని టమాటాలు అమ్ముతోంది. అందుకే గెలెడె ఆడేది కూడా సంత నడిమధ్యనే.

బాబా పెరట్లో ఒమో చెట్టు దుంగ తడిగోనె కింద కప్పి ఉంది. డోళ్లు కూడా ఆ కర్రతోనే చేస్తారు. తేలిక, మెత్తన. పచ్చిగా ఉండగానే చెక్కాలి. ఎండితే బాడిస దిగదు, కప్పకుండా ఎండకు వదిలేస్తే పగులుతుంది. ఆ రెండూ జరగకముందు ఉన్న కొద్ది గడువులోనే పనంతా. లోపలి గుజ్జుభాగం తొలిచేస్తే పగుళ్లు తగ్గుతాయి, తల పట్టే గుంటా వస్తుంది, బరువూ పోతుంది. ఒక్క పనికి మూడు లాభాలు. చాలాసేపు నాకు అప్పగించింది ఈ తొలిచే పనే.

యొరుబా శిల్పులు చెక్కడంలో నాలుగు దశలు చెప్పుకుంటారని కెవిన్ కారొల్ అనే కేథలిక్ ఫాదర్ 1967 నాటి పుస్తకంలో రాశాడు. నైజీరియాలోని ఓయె ఎకీటిలో శిల్పుల చేత పని చేయించి, పక్కనే కూర్చుని చూసిన మనిషి ఆయన. ఓనా లిలే అంటే దుంగలోంచి పెద్ద పెద్ద ముద్దలు తీయడం. ఆలేతున్‌లే అంటే ఆ ముద్దల్ని చిన్నవిగా విడగొట్టడం. దీదాన్ అంటే నునుపు చెయ్యడం. ఫీఫీన్ అంటే కనురెప్ప, జడ, గీతలాంటి సన్నపని కోసి తేల్చడం. బాబా ఈ పేర్లేవీ పలకలేదు. "ఆగు," అనేవారు, "ఇప్పుడు దీన్ని తిప్పు." కాని వరస అచ్చంగా అదే.

ఆయన బాడిస పట్టడం చూడాలి. పొట్టి పిడి, సహజంగా వంపున్న చెట్టుకొమ్మతో చేసింది. పీటమీద కూర్చుని దుంగను రెండు పాదాల మధ్య బిగించి, మోచెయ్యి కదలకుండా మణికట్టుతో వేస్తారు. చప్పుడు మారితే ఆపేస్తారు. కర్ర నార ఎటు వాలిందో ఆ చప్పుడే చెబుతుంది. నారకు ఎదురువేస్తే పేడు లోపలికంటా లేచిపోతుంది, వాలుకు వేస్తే పెచ్చు చుట్టలా ఊడి వస్తుంది. మొదటి దశ అయ్యేసరికి అక్కడ కళ్లు లేవు, నోరు లేదు. నుదురు ఒక ముద్ద, ముక్కు ఒక గట్టు, గడ్డం ఒక ముద్ద. అయినా అది అప్పటికే ఒక మనిషి. మొహమంటే కళ్లూ ముక్కూ అనుకుని ముందుగా వాటిమీద పడేవాళ్లందరికీ ఇది చూపించాలి. బరువు ఎక్కడుందో తేలిపోయాక మిగతావి వాటంతటవే చోటు వెతుక్కుంటాయి.

కళ్లు పెద్దవి, బాదంకాయలా, ముందుకు పొంగి ఉంటాయి. నల్లగుడ్డు దగ్గర కన్నం పెడతారు. పెదాలు మూసి ఉంటాయి. కోపం చూపించకూడదు, నవ్వు చూపించకూడదు. నేను చెక్కిన పెదాల మూలలు కాస్త పైకి లేచాయి. బాబా ఉలి తీసుకుని రెండు పక్కలా ఒక్కో పెచ్చు తీశారు. అంతే, నవ్వు పోయి నిదానం వచ్చింది. రెండు పెచ్చులు కలిపి గోరంత ఉండవు.

బుగ్గల దగ్గరికి వచ్చాం. అక్కడున్న పాత మాస్కులన్నిటికీ బుగ్గలమీద గాట్లున్నాయి. యొరుబాలో పెలె అనే నిలువు గాట్లు మూడు ఒక వంశానివైతే, ఇంకో తీరు గాట్లు ఇంకో వంశానివి. వెనకటి రోజుల్లో పసితనంలోనే పెట్టేవారు, ఎవరు ఎవరి బిడ్డో మొహం చూసి చెప్పడానికి. బాబా బుగ్గలమీద కూడా ఉన్నాయి. నేను కత్తి చేతికి తీసుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. మేనల్లుడు చెప్పాడు: "అవి ఒక ఇంటివి, ఆంటీ. మీ ఇంటివి కావు. ఖాళీగా ఉంచమంటున్నారు."

నా మాస్కు బుగ్గలు నున్నగానే ఉన్నాయి. గెలెడె పద్ధతి నేర్చుకోవచ్చు, బాడిస పట్టు నేర్చుకోవచ్చు, నిమ్మళంగా ఉండే పెదాలు నేర్చుకోవచ్చు. ఇంకొకరి వంశపు గుర్తు తీసుకోకూడదు. పారిస్‌లో, న్యూయార్కులో 'ఆఫ్రికా ప్రేరణ' పేరుతో చేసిన ఎన్నో వస్తువుల మీద ఈ గాట్లు అలంకారంగా గీసేశారు. అది దొంగతనమని అనడానికి నాకు సంకోచం లేదు.

అయితే పైభాగం పూర్తిగా నాదన్నారు. గెలెడెలో కింద మొహం ఎప్పుడూ ఒకలాంటిదే, నిదానంగా. దాని నెత్తిమీద మాత్రం లోకమంతా ఎక్కుతుంది. పక్షుల్ని పట్టిన పాము, కుట్టుమిషను, మోటారు సైకిలు, విమానం, గొడవపడే మొగుడూ పెళ్లాలు. ఊళ్లో ఏం జరుగుతోందో, ఎవరిని మెచ్చుకోవాలో, ఎవరిని దెప్పాలో అంతా అక్కడే చెక్కుతారు. సంప్రదాయం అన్న మాటకు అర్థం వెతికేవాళ్లు ఈ అమరికను చూస్తే చాలనిపించింది నాకు. కింద మారనిది, పైన రోజూ మారేది, రెండూ ఒకే దుంగలో.

"మీ తల్లులు ఏం చేస్తారు?" అని అడిగారు బాబా. మాది గోదావరి కాలువ కింద ఊరు. వరినాట్లు వేస్తారని చెప్పాను. మాటల్లో తేలక, లేచి నడుం వంచి, ఎడంచేత్తో నారు పట్టుకున్నట్టు, కుడిచేత్తో నాటుతున్నట్టు, వెనక్కి అడుగులేస్తూ చూపించాను. పెరట్లో మొక్కజొన్న వలుస్తున్న ఆడవాళ్లు పని ఆపి చూశారు. ఒకామె లేచి వచ్చి నా పక్కన అలాగే వంగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని మూలిగింది. అందరికీ అర్థమైంది. బాబా బొగ్గుముక్కతో దుంగమీద ఒక కట్ట గీశారు. నారుకట్ట. ఆకులు సన్నగా చెక్కితే మొదటి గంతుకే విరిగిపోతాయి, లావుగా, ఒకదానికొకటి ఆనుకునేలా ఉంచమన్నారు. ఆడే మాస్కు కాకపోయినా ఆడే మాస్కులాగే చెయ్యాలి.

రంగులు పాతకాలంలో నీలిమందు, సుద్ద, ఎర్రచెక్క పొడి. ఇప్పుడు బజార్లో దొరికే ఎనామిల్. కొనేవాళ్లలో కొందరికి పాతగా కనపడేవే కావాలి, రంగు వెలిసిపోయినవి. ఊరివాళ్లు మాత్రం ఆటకు ముందు మళ్లీ కొత్తగా రంగు వేస్తారు. తల్లుల ముందుకు మాసిపోయిన మొహంతో వెళ్తారా ఎవరైనా? నా మాస్కుకు మొహం పసుపు, రెప్పలు నలుపు, నారు పచ్చ. మెరుపు చూసి నాకే ముచ్చటేసింది.

నేనుండగా ఒక ఆట జరిగింది. రాత్రంతా ఎఫె, అంటే పాటల వంతు. మాస్కు పెట్టుకున్న గాయకుడు ముందు తల్లులకు దణ్ణం పెట్టుకుని, అప్పుడు ఊరి తప్పుల్ని పేరుపేరునా ఎత్తిపొడుస్తాడు. మాస్కు మాట్లాడిందానికి మనిషిమీద కోపం తెచ్చుకోకూడదు. మర్నాడు మధ్యాహ్నం గెలెడె. ఆడవేషాలన్నీ మగవాళ్లవే. ఒకేలాంటి మాస్కులతో ఇద్దరిద్దరు జతగా వస్తారు. కాళ్లకు ఇనప అందెలు, చెక్కతో చేసిన రొమ్ములు, ఒళ్లంతా గుడ్డలమీద గుడ్డలు. ఆ గుడ్డలు ఎక్కడివని అడిగాను. తలకు చుట్టుకునేవి, బిడ్డను వీపున కట్టుకునేవి, ఊళ్లో ఆడవాళ్లవే, అరువు తెచ్చినవి. ఒక గుడ్డ మీద పాల మరక కూడా ఉంది. తల్లి డోలు ఒక దరువు వేస్తే అందెలు అదే దరువును తిరిగి పలకాలి. ఒక కుర్రాడు ఒక్క అడుగు తప్పాడు. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలు నోటితో చప్పరించారు. వాడు మళ్లీ మొదటి నుంచి ఆడాడు. ఈసారి వాళ్లు లేచి వెళ్లి వాడి నెత్తిమీదున్న చెక్క మొహానికి నోటు అంటించారు.

వచ్చేముందు నా మాస్కును బాబా ఒకసారి చేతుల్లోకి తీసుకుని అంచు చుట్టూ తడిమారు. ఆడే మాస్కుకైతే అక్కడ వరసగా కన్నాలు పెట్టాలి, ముసుగు గుడ్డ కుట్టడానికి. దీనికి పెట్టలేదు. పెట్టొద్దన్నారు కూడా. గుడ్డ కడితే ఆడాలి, ఆడితే సంఘం ఉండాలి, ఇయాలషే పిలవాలి. ఎడమ చెవి కుడిచెవి కంటే కిందికుందని, ఇంకోటి చెక్కితే ముందు చెవుల ఎత్తు బొగ్గుతో కొలిచి గీసుకోమని చెప్పారు. నాకు ఒక బాడిస ఇచ్చారు, పిడి లేకుండా. పిడి మా ఊరి చెట్టు కొమ్మతో చేసుకోమన్నారు.

ఇంటికొచ్చాక పిడి తుమ్మకొమ్మతో చేయించాను. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర ఇప్పుడు దొరకడం కష్టంగానే ఉంది, అయినా ఒక చిన్న దుంగ సంపాదించాను. ఈ కొత్త మాస్కు పైన ఏం పెట్టాలో మా వీధి చివర కూరగాయలమ్మే ఆవిణ్ని అడిగాను. తక్కెడ పెడదామా అన్నాను. "తక్కెడ ఎవరు వాడుతున్నారమ్మా ఇప్పుడు? కరెంటు కాటా పెట్టు, అంకెలు కనపడేలా," అంది.